నా ఎడమ చెవిలో గాలిమర

నన్ను చూడడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకే మాట అన్నారు. "తల తిరగడమే గదప్పా, దానికింత రచ్చనా?" మంచం పక్కన కూర్చుని, నా భార్య ఇచ్చిన కాఫీ తాగి, లేవబోయే ముందు ఆ మాట అనేసి పోయారు. అప్పుడు వాళ్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. నోరు తెరిస్తే వాంతి వచ్చేది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను, బస్సెక్కుతున్నాను, నా అన్నం నేను తింటున్నాను. అందుకని రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. అది తగ్గేలా లేదు.

నా పేరు తిప్పేస్వామి. మాది గుమ్మఘట్ట మండలంలో ఒక మిట్ట ఊరు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడుకుంటాం. ఊరి వెనక గుట్టల మీద గాలిమరలున్నాయి. ఊళ్లో వాటిని ఫ్యాన్లంటారు. అవి నిలబెట్టే రోజుల్లో పునాదులకు కంకర మోశాను. తర్వాత ఐటిఐ చదివి, వాటిని బాగుచేసే పనిలో చేరాను. ఎత్తు చూసి నాతో చేరినవాళ్లలో చాలామంది మానుకున్నారు, నేను మానలేదు. కొన్నేళ్లకు టీం లీడర్‌నయ్యాను.

టీం అంటే ముగ్గురం. మాబుది నా ఈడే, పామిడి మనిషి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే మొహం మీదే అంటాడు. ఎర్రిస్వామి మాకంటే చిన్నవాడు, మా పక్క ఊరే. వాడికి ఇద్దరు పిల్లలు. స్తంభం లోపలి నిచ్చెన ఎక్కి పోతే పైన బస్సంత పెట్టె ఉంటుంది. గేరుబాక్సు, జనరేటరు అన్నీ అందులోనే. గాలికి ఆ పెట్టె ఊగుతూ ఉంటుంది. అందులోకి పోయి మూత వేసుకుంటే మేము ముగ్గురమే లోకం. అక్కడ నా మాటే చెల్లుతుంది, చెల్లాలి కూడా. ఒక్కడి పొరపాటుకు మిగతా ఇద్దరూ పోయే చోటు అది.

మొదటి ఆషాఢం

ఆషాఢంలో మా దిక్కు వాన రాదు, గాలి వస్తుంది. మనిషిని నిలబడనివ్వదు. కంపెనీకి అదే పంటకాలం. ఒక్క ఫ్యాను ఆగినా ఇంజనీరుకు ఫోను మీద ఫోను. అట్లాంటి రోజుల్లో ఒకనాడు పని ముగించి కిందికి దిగాను. జీపు నీడలో కూర్చుని నీళ్లు తాగుతుంటే ఎడమ చెవిలో గేరుబాక్సు ఇంకా మోగుతూనే ఉంది. దిగాక కాసేపు ఆ మోత ఉండడం మామూలే. ఇంటికి పోయి తలకు నీళ్లు పోసుకున్నాను, సంగటి తిన్నాను, పడుకున్నాను. తెల్లారి లేచేసరికి కూడా మోగుతూనే ఉంది. పైన మిషను ఆపేసి వచ్చాను గానీ, చెవిలోదాన్ని ఆపే స్విచ్చు ఎక్కడుందో తెలియలేదు.

సరోజ నా భార్య. ధర్మవరంలో మగ్గం చప్పుళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. చప్పుడంటే ఆమెకు లెక్కలేదు. "పురుగేమన్నా దూరిందేమో" అని గోరువెచ్చని నూనె పోసింది. నూనె కారిపోయింది, మోత ఉండిపోయింది.

కొన్ని వారాలకు చెవి బరువెక్కడం మొదలైంది, లోపల ఎవరో దూది కుక్కినట్టు. ఒకరోజు పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. నేల నా కాళ్ల కింద నుంచి పక్కకు జారింది.

తల తిరగడం అనే మాటే తప్పు. తల తిరగదు. గోడ తిరుగుతుంది, దండెం మీద చీర తిరుగుతుంది, నీళ్ల తొట్టి తిరుగుతుంది. అన్నీ ఒకే దిక్కుకు, ఆగకుండా. కళ్లు మూసుకుంటే ఆ చీకటి కూడా తిరుగుతుంది. నేల మీద బోర్లా పడుకుని మట్టిని రెండు చేతులతో పట్టుకున్నాను, పడిపోతానేమోనని. పడుకున్న మనిషి ఇంకెక్కడికి పడతాడు? ఆ సమయంలో ఆ మాట తోచదు. సరోజ నా నోరు కడిగి, తల తన ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు.

ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి సూది వేసి నీరసం అన్నాడు. మా నాయనది వేరే లెక్క. ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తున్నాయని మా దిక్కు చాలామంది నమ్ముతారు, నాయన అందరికంటే గట్టిగా నమ్ముతాడు. వాకిట్లో నిలబడి ఊరికంతా వినపడేట్టు అరిచాడు.

"మబ్బులు తరిమినాయి, చాలలేదు. ఇప్పుడు నా కొడుకు తలకాయ పట్టినాయి. వద్దురా ఆ పని అంటే విన్న్యావా నువ్వు?"

మా మామ ఒకాయన అరుగు మీద నుంచే, "పేరే తిప్పేస్వామి అయితే తిప్పకేం జేస్తాదిలేప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే.

దసరా దాకా

రోజూ ఎక్కేముందు టీం లీడరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నేను జీపు పక్కన నిలబడి అడిగేవాణ్ని. "ఎవరికన్నా జ్వరముండాదా? తల తిప్పుతాండాదా? రాత్రి తాగినారా?" మాబు లేదనేవాడు, ఎర్రిస్వామి లేదన్నా అనేవాడు. అంతే, బెల్టులు బిగించుకునేవాళ్లం. ఆ ప్రశ్న నన్ను అడిగేవాడు లేడు. ఆ నియమం పెట్టినవాళ్లకు లీడరు కూడా మనిషేనని తోచలేదు కాబోలు.

తల తిరిగేవాడు నిచ్చెన ఎక్కకూడదు. ఇది నియమం, మంచి నియమం. ఇతరుల విషయంలో నేనే దాన్ని గట్టిగా పట్టుకునేవాణ్ని. నా విషయంలో మాత్రం, ఈ వారం గడిస్తే చాలు, తగ్గిపోతుంది అనుకున్నాను. తర్వాత ఇంకో వారం. కింద నాకు ఏముంది? నాయన చేను ఉంది. మా జిల్లాలో మెట్టచేను గురించి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పైగా పైన నేను తిప్పన్నను. కింద ఎవరికీ ఏమీ కాను. ఇది గొప్ప కారణం కాదని తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

దాచడం నేర్చుకున్నాను. పొద్దున ఏమీ తినకుండా పోయేవాణ్ని, వాంతికి ఏమీ మిగలకుండా. మాట్లాడేటప్పుడు వాళ్లిద్దరూ నా కుడివైపు ఉండేట్టు నిలబడేవాణ్ని. వాకీటాకీని కుడి భుజానికి మార్చుకున్నాను. అందరికంటే వెనక ఎక్కేవాణ్ని. నిచ్చెన మధ్యలో ఆగి, నుదురు చల్లని ఇనుముకు ఆనించి, లోకం నిలబడేదాకా ఉంటే పైవాళ్లకు కనపడదు. ఇంట్లో ఒకరోజు మంచం పట్టినా సరోజ ఫోను చేసి "కడుపునొప్పి" అని చెప్పేది. ప్రతిసారీ చెప్పాక ఫోను నా మంచం మీదికి విసిరికొట్టేది.

ఆ మధ్యలోనే కంపెనీ ఏటేటా పెట్టే ఆరోగ్య పరీక్ష వచ్చింది. షామియానా కింద ఒక డాక్టరు, ముందు మా వరస. నా వంతు వచ్చింది. ఆయన తలెత్తలేదు. "చూపు?" బాగుంది సార్. "బీపీ?" లేదు సార్. "చెవులు వినిపిస్తున్నాయా?" ఆయన కుడివైపు నుంచి అడిగాడు. వినిపించింది. వినిపిస్తున్నాయి సార్ అన్నాను. సంతకం పెట్టి తర్వాతి మనిషిని పిలిచాడు.

నేను అబద్ధం చెప్పాను, నిజమే. కానీ ఆ మనిషి పని ఏమిటి? నా మాట నమ్మడమా, నా చెవి చూడడమా? ఒక్కసారి తలెత్తి కళ్లు మూసుకుని నిలబడమని ఉంటే అక్కడే పడిపోయేవాణ్ని. ఇది తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఒక్కసారి నిజం చెప్పాలనే పోయాను. మా సైటు ఇంజనీరు కోస్తావైపు మనిషి, చెడ్డవాడేం కాదు. ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నప్పుడు పోయి, "సార్, ఎడమ చెవి సరిగా వినపడడం లేదు. అప్పుడప్పుడు తూలుతాండా" అన్నాను.

ఆయన కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పి నావైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

"తిప్పేస్వామీ, నువ్వు చెప్పావు, నేను వినలేదనుకో. వింటే ఈ క్షణమే నిన్ను ఆపేయాలి. నీ బదులు పంపడానికి నా దగ్గర ఎవరున్నారు? ఈ సీజన్ దాటనీ, చూద్దాం" అన్నాడు.

నాకు చెవి వినపడదు. ఆయనకు వినాలని లేదు. మా ఇద్దరిలో ఎవరిది పెద్ద రోగం?

అనంతపురం, తర్వాత బళ్లారి

దసరా దాటాక సరోజ నన్ను అనంతపురం తీసుకుపోయింది. చెవి ఆసుపత్రి హాలు నిండా జనం. కాంపౌండరు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. సరోజ బజారుకు పోయిన సమయంలో నా పేరు పిలిచాడంట. నాకు వినపడలేదు. అడిగితే "పిలిస్తిమి గదా, పలక్కపోతే ఏం జేయల్ల? చివర్లో రాపో" అన్నాడు.

చెవి వినపడనివాళ్ల ఆసుపత్రిలో పేర్లు నోటితో పిలుస్తున్నారు! కాంపౌండరు మీద ఎగిరాను. అరిచాను. అరిస్తే తల తిరిగింది. గోడకు ఆనుకుని అట్లే కూలబడ్డాను. హాలంతా నన్నే చూసింది.

అక్కడ యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. కూతురికి చెవి చూపించుకుని, మందులు తీసుకుని, పోవడానికి సంచి కూడా భుజాన వేసుకుంది. ఆమె వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుంది.

"నీ పేరేమి నాయనా?"

చెప్పాను.

"నువ్వు కండ్లు మూసుకో. పేరు పిలిస్తే నేనింటాలే. నా చెవులు బాగుండాయి."

"నీ బస్సు పోతాదేమో అమ్మా."

"ఇంకోటొస్తాది."

ఆమె అట్లాగే కూర్చుంది. నా పేరు పిలిచినప్పుడు నా భుజం తట్టి లేపి, తలుపు దాకా నడిపించి, సరోజ రావడం చూసి పోయింది. ఆమె పేరు అడగలేదు నేను. ఈ రోగంలో నాకు కోపం తెప్పించని మనుషుల్ని తలచుకోమంటే మొదట ఆమె గుర్తొస్తుంది.

అనంతపురం డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నాడు, మెడకు పట్టీ ఇచ్చాడు. ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని కట్టుకుని రెండు నెలలు ఉక్కపోత పడ్డాను. ఏమీ తగ్గలేదు. అప్పుడు బళ్లారి పోయాం. అక్కడి డాక్టరు నడివయసు ఆవిడ, కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడింది. చెవి దగ్గర గంట మోగించింది, కళ్లు మూసుకుని నిలబడమంది, నేను ఒరిగిపోతే తానే పట్టుకుంది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. లోపలి చెవిలో ఉండాల్సినదానికంటే ఎక్కువ నీళ్లు నిలుస్తున్నాయి. అందుకే మోత, అందుకే తిప్పు. వినికిడి ఇంకా తగ్గవచ్చు. ఉప్పు తగ్గించాలి.

బయటికి వచ్చాక సరోజ ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. మా చెరువులో నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో. తీరా నిలిచి నిలిచి నా చెవిలో నిలిచాయి.

డాక్టరు ఇంకో మాట కూడా అంది. "ఏం పని చేస్తీరి?" అని అడిగితే ఎలక్ట్రీషియన్ అన్నాను. సరోజ ముందుకు వంగి, "ఫ్యాన్లెక్కుతాడు మేడమ్" అంది. డాక్టరు పెన్ను పక్కన పెట్టేసింది. "బేడప్పా. ఎక్కద్దు. చచ్చిపోతీరి" అంది.

మళ్లీ వచ్చిన ఆషాఢం

ఎక్కాను. మాత్రలు వేసుకుంటూ శీతాకాలమంతా, వేసవంతా ఎక్కాను. మధ్యలో రెండు నెలలు ఒక్కసారి కూడా తిప్పు రాలేదు. నయమైందనే అనుకున్నాను. ఇంట్లో అందరికీ ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని ఊరుబిండి పచ్చడి. నాకు వేరుగా వండితే దొంగతనంగా ఉప్పు వేసుకుంటానని సరోజ ఇల్లంతటికీ మానిపించింది. నాయన కంచం నెట్టేసి, "నేనేం పాపం చేసినానప్పా?" అని అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. మళ్లీ ఆయనే వచ్చి అదే తినేవాడు.

సరోజతో పెద్ద గొడవ ఉగాది తర్వాత జరిగింది. "నువ్వు చెప్పకుంటే నేనే మాబన్నకు ఫోన్ చేస్తా" అంది.

"చేసి చూడు. ఆ తర్వాత ఈ ఇంట్లో నీకు నాకు మాటల్లేవు" అన్నాను.

"ఇప్పుడేం మాటలుండాయి? నేను ఎడమపక్క నుంచి పిలిస్తే పలకవు. కుడిపక్క నుంచి పిలిస్తే కసురుతావు. యాడ నిలబడి మాట్లాడల్ల నేను నీతో?"

ఆమె ఫోను చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని ఇప్పుడంటే, "ఆ బరువు కూడా నా మీదనే పెడతాండావా?" అని మండిపడుతుంది. ఆమె మండిపడడంలో న్యాయం ఉంది.

ఆషాఢం వచ్చింది. మా గుట్ట చివర ఉన్న ఫ్యానులో పని పడింది. రెక్కలు మూడూ కలిసే ముక్కు భాగాన్ని హబ్ అంటారు. అందులోకి మనిషి దూరి పని చేయాలంటే ముందు రెక్కలు తిరగకుండా ఇనుప లాకు వేయాలి. రెక్కలు కొంచెం తిరిగినా లోపలివాడు బతకడు. లోపలికి పోయేవాడు ఆ లాకుకు తన సొంత తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని పోవాలి. వాడు బయటికి రాకుండా ఎవరూ లాకు తీయలేకుండా ఆ ఏర్పాటు. మా టీంలో తాళం వేయడం మానేసి చాలా కాలమైంది. తిప్పన్న ఉన్నాడు కదా అని. వాళ్ల తాళం నేనే.

ఎర్రిస్వామి హబ్‌లోకి దూరాడు. మాబు హబ్ నోటి దగ్గర, నేను లాకును బిగించి వదిలించే చక్రం దగ్గర. బయట గాలి పెట్టెను కొడుతోంది. పని అయిపోయినట్టు అనిపించింది నాకు. "అయిందా మాబూ? తీయల్నా?" అని అరిచాను.

మాబు నా ఎడమవైపు ఉన్నాడు. నేను రోజూ జాగ్రత్తగా చూసుకునేదే ఆ ఒక్కరోజు మరిచాను. అతను "తీయద్దన్నా" అన్నాడు. నాకు "తీయన్నా" అని వినపడింది. మధ్యలో ఆ ఒక్క అక్షరం నా ఎడమ చెవిలో పడి చచ్చిపోయింది.

చక్రం తిప్పడం మొదలుపెట్టాను. సగం దాకా వచ్చింది. అప్పుడే గేరుబాక్సు కదిలింది, కాదు, పెట్టె కదిలింది, కాదు, నాకు తిప్పు వచ్చింది. ఎప్పుడూ రానంత గట్టిగా వచ్చింది. చక్రం మీద చేయి జారింది, నేను ఇనుప నేల మీద పడ్డాను.

మాబు ఒక్క దూకున వచ్చి, నన్ను దాటి, చక్రం పట్టుకుని మళ్లీ బిగించాడు. అతని మొహం ఒకసారి నిలబడి కనపడింది, మళ్లీ తిరిగిపోయింది. లాకును, నన్ను, నా చేతిని చూశాడు. అంతా అర్థమైంది అతనికి.

"ఏమైందన్నా?" అని ఎర్రిస్వామి లోపల నుంచి అడుగుతున్నాడు. "ఏమైంది మాబన్నా?"

"అన్న పడినాడు. బయటికి రా" అన్నాడు మాబు. ఇంకేమీ చెప్పలేదు.

నిచ్చెన దిగే స్థితిలో నేను లేను. పెట్టె అడుగున ఉన్న తలుపు తెరిచి, బెల్టుకు తాడు కట్టి, నన్ను బయట గాలిలో నుంచి దింపారు. మాబు నిచ్చెన మీదుగా ముందే కిందికి పరుగెత్తాడు. పైన తాడు వదులుతున్నది ఎర్రిస్వామి. నేను గాలిలో మూటలాగా తిరుగుతున్నాను. బయటి లోకం తిరుగుతోందో, నేను తిరుగుతున్నానో, రెండూనో. వాంతి నా మీదే పడుతోంది. కుడి భుజం మీద వాకీటాకీలో ఎర్రిస్వామి గొంతు వినపడుతూనే ఉంది.

"భయపడద్దన్నా. తాడు నా చేతిలోనే ఉండాది. నేనిడ్సను. నిదానంగా పోతాండావు. నేనుండా."

ఒక ఘడియ ముందు వాడి ప్రాణం నా చేతిలో సగం తిరిగిందని వాడికి తెలియదు.

కింద

రాయదుర్గం ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది. ఎర్రిస్వామి పండ్లు తేవడానికి బయటికి పోయాడు. మాబు మంచం కుడివైపు వచ్చి నిలబడ్డాడు. ఎటు నిలబడాలో అప్పటికే తెలిసింది అతనికి.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన ఆషాఢం నుంచి."

మాబు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"రోజూ పొద్దున్నే మా మొగాలు చూసి అడుగుతాంటివి గదప్పా. తల తిప్పుతాండాదా అని. ఏ మొగం పెట్టుకోని అడిగినావప్పా?" అన్నాడు. నన్ను అన్నా అనలేదు. "వానికి ఇద్దరు పిల్లోళ్లు. నేను చెప్పను వానికి. నువ్వే చెప్పల్ల. చెప్పినంక నాతో మాట్లాడు."

పోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాతి నెలలు మంచానికి, గోడకు మధ్య గడిచాయి. బళ్లారి డాక్టరు చెవి పొర గుండా లోపలికి మందు ఎక్కించింది, చాలాసార్లు. ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోతుందని ముందే చెప్పింది. పోయింది. తిప్పు కూడా క్రమంగా ఆగింది. నడక మళ్లీ నేర్చుకున్నాను. నాయన తన చేతికర్ర నాకిచ్చి, తాను కర్ర లేకుండా నా వెనకే నడిచేవాడు, పడితే పట్టుకుందామని. ఆయన పట్టుకోగలడా? ఇద్దరం పడేవాళ్లం. అయినా వెనకే నడిచేవాడు. ఫ్యాన్ల మాట మాత్రం ఎత్తలేదు. అది ఆయన నాకు చేసిన పెద్ద మేలు.

ఇంజనీరు వచ్చాడు. ద్రాక్షపండ్లు తెచ్చాడు. కూర్చుని, నిట్టూర్చి, "ముందే చెప్పాల్సింది తిప్పేస్వామీ. ఇంత దాచుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

నాయన ఉన్నాడు, సరోజ ఉంది, మా మామ కూడా ఉన్నాడు.

"చెప్పినా సార్" అన్నాను. "మీ గదిలో నిలబడి చెప్పినా. మీకే వినపడలేదు."

ఆయన మొహం మాడిపోయింది. ద్రాక్షపండ్లు అక్కడే పెట్టి లేచాడు. సరోజ ఆ కవరు తీసుకుని జీపు దాకా పోయి వెనక సీటులో పెట్టి వచ్చింది. ఆ రోజు ఆమె నన్ను చూసి నవ్వింది, చాలా నెలల తర్వాత.

ఇంజనీరుకు ముందే చెప్పిన సంగతి బయటపడుతుందని కాబోలు, నన్ను పూర్తిగా తీసేయడానికి కంపెనీ జంకింది. కిందే, విడిభాగాలు ఉంచే స్టోరులో వేశారు. బోల్టులు, ఆయిలు డబ్బాలు ఇచ్చి పంపే పని. లీడరు ఇప్పుడు మాబు. స్టోరుకు వస్తాడు. కావాల్సింది అడుగుతాడు, తీసుకుంటాడు, పోతాడు. అంతే.

ఎర్రిస్వామికి చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. రోజూ కనపడతాడు, "అన్నా, ఎట్లుండావు?" అంటాడు. రోజూ రేపు చెబుదామనుకుంటాను. దాచడం కూడా రోగమే. చెవికి మందిచ్చారు గానీ దానికివ్వలేదు.

ఈ మధ్యనే ఒక మధ్యాహ్నం గ్రీజు డబ్బాకు వచ్చాడు. స్టూలు చూపించి కూర్చోమన్నాను. మొత్తం చెప్పాను. చెవి సంగతి, తీయద్దన్నా అన్నది తీయన్నా అని వినపడిన సంగతి, చక్రం సంగతి.

వాడు ఒళ్లోని డబ్బా తీసి నేల మీద పెట్టాడు.

"ఎంత తిరిగినాది?"

"సగం."

"ఇంగా సగం తిరిగుంటే?"

ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు. వాడికి తెలుసు. తిడతాడని, డబ్బా విసురుతాడని చూస్తున్నాను. వాడు మాత్రం గొంతు తగ్గించాడు. నా మంచి చెవివైపు వంగాడు.

"అన్నా, నువ్వు చెప్పినావు గాబట్టి చెప్తాండా. నాకు ఎక్కేటప్పుడు ఈడ పట్టేస్తాండాది." రొమ్ము మీద చేయి పెట్టుకున్నాడు. "చెయ్యి గూడా గుంజుతాది. మధ్యలో కాసేపు నిలబడితే పోతాది. మూడు నెలలాయె. మాబన్నకు తెలీదు. నువ్వు చెప్పాకు."

వాణ్ని నేను తిట్టినట్టు జీవితంలో ఎవర్నీ తిట్టలేదు. స్టోరు బయట మేకలు కాసేవాళ్లు ఆగి చూశారు. వాడి పిల్లల పేర్లు పెట్టి తిట్టాను, వాడి భార్య పేరు పెట్టి తిట్టాను, షామియానా డాక్టరును, ఇంజనీరును, నన్ను నేను, అందర్నీ కలిపి వాడి నెత్తిన వేసి తిట్టాను. వాడు "నువ్వు జేసిందే గదన్నా నేను జేసినా" అన్నాడు. అది విని మరీ తిట్టాను. నిజం గనుక.

తర్వాత వాడి ముందే మాబుకు ఫోను చేశాను. వాడు నా చేయి పట్టుకుని "వద్దన్నా, వద్దన్నా" అంటూనే ఉన్నాడు.

"మాబూ, ఎర్రిస్వామికి చెప్పినా, అంతా. ఇంకోటుండాది. వాడు రేపు ఎక్కడు. గుండెలో నొప్పి. ఆసుపత్రికి తీసుకపోతాండా."

అవతల కొంతసేపు ఏమీ వినపడలేదు. నాకు చెవి వల్ల వినపడలేదో, అతనే మాట్లాడలేదో తెలియక ఫోను ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"సరేన్నా," అన్నాడు మాబు. "నేను జీపు పంపుతా."

మరునాడు గుండె ఆసుపత్రి హాల్లో కూర్చున్నాం. ఎర్రిస్వామి ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. "ఏమీ లేదని చెప్తారు సూడు, గ్యాసంటారు" అని గొణుగుతున్నాడు. వాడి భార్య మా వెనక కుర్చీలో ఉంది, వాడితో మాట్లాడడం మానేసింది. ఆ మౌనం నాకు బాగా తెలుసు. గ్యాసే కావచ్చు. కాకపోవచ్చు. ఏదైనా సరే, చూసి చెప్పాల్సింది లోపలున్న డాక్టరు. నిచ్చెన మధ్యలో నుదురు ఆనించుకుని నిలబడ్డ మనిషి కాదు.

పైకెక్కే పని చేసేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, పదిమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని తిరిగేవాళ్లు ఇది చదివితే, మీకు నేను ధైర్యం చెప్పను. మీకు ధైర్యం ఎక్కువై కూర్చుంది. మీ ఒంట్లో ఏముందో ఈరోజే, మీ పక్కన పనిచేసే మనిషికి చెప్పండి. పై అధికారి వినకపోతే పదిమంది ముందు ఇంకోసారి చెప్పండి. అప్పటికీ వినకపోతే నాలాగా అరవండి.

నర్సు బయటికి వచ్చి మా ముందు ఆగింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పేషెంటు ఎవరు?"

ఎర్రిస్వామి ఏమాత్రం తడబడకుండా వేలు నావైపు చూపించాడు.

నేను ఆ వేలు పట్టుకుని వాడి రొమ్ము మీదికి తిప్పాను.